ఏడో గీత

రాయచోటిలో ఖాజా మామ పోయిన నలభయ్యో రోజు భోజనాలకు వెళ్ళి వచ్చి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో నేను ఏ పనీ చివరిదాకా చేయలేదు. ఒక ఏసీ విప్పి గ్యాస్ నింపకుండా వదిలేశాను. షాపులో స్పేర్ పార్టుల రాక్ సర్దడం మొదలుపెట్టి సగంలో లేచి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చాను. వేసే ఉంది. ఈ కాగితం మొదలుపెట్టడం కూడా ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు నేను ఎక్కడ చదివానో, ఎందుకు కువైట్ వెళ్ళానో వరసగా రాసుకుంటూ పోయాను. వరసగా రాస్తే అసలు సంగతి దగ్గరికి చేరడం లేదు. అందుకే ఈసారి అట్ట దగ్గర మొదలుపెడుతున్నాను.

ఆ రోజు భోజనాలయ్యాక మామ భార్య నూర్జహాన్ అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అట్టముక్క ఒకటి చేతిలో పెట్టింది. టీ పొట్లాల డబ్బా చింపిన అట్ట, అరచేతి కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. "ఇది నీదంట నాయనా. వచ్చినప్పుడు ఇయ్యాలని ఎప్పుడూ అనేటోడు. నువ్వొస్తే మాటల్లో పడి మరిచిపోయేటోడు" అంది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. నేను గీసిందే. ఒక వృత్తం, అందులో ఆరు సమాన భాగాలు, ఒక్కో భాగంలో ఒక్కో పేరు మొదటి అక్షరం. జేబులో పెట్టుకుని బస్సు ఎక్కాను. బస్సు కదిలాక తీసి నింపాదిగా చూస్తే అందులో నేను గీయని గీత ఒకటి ఉంది. దాని గురించి చెప్పాలంటే, మేమిద్దరం కలిసి ఉన్న ఆ హాలు గురించి చెప్పాలి. ఆ హాలు గురించి ఇంట్లో నా భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. రాజంపేట దగ్గర మా ఊరు. ఏసీ, ఫ్రిజ్ పనిలో డిప్లొమా చేశాను. ఆ పనికి వీసా దొరక్క ఇంటి పని వీసా మీద కువైట్ వెళ్ళి, మూడు నెలలు తోటకు నీళ్ళు పట్టి, ఆ తర్వాత బయటికి వచ్చేసి అబ్బాసియాలో ఒక ఏసీ రిపేరు షాపులో చేరాను. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పరారీ కేసు పెట్టాడు. అప్పటి నుంచి నా దగ్గర ఇఖామా, అక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఉన్నా లేనట్టే. అబ్బాసియాలో ఆరుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆ గదిని తలచుకుంటే మొదట గుర్తొచ్చేది వాసన. కింద రెస్టారెంట్ వాళ్ళు పొద్దున్నే వేసే సాంబారు పోపు, మెట్ల మీద ఎప్పుడూ ఆరని తడి, మా గదిలో ఆరేసిన యూనిఫారాల సబ్బు వాసన. గదిలో మొదటి రెండు వారాలు వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి అని రోజూ గొడవే. నేను ఒక ఆదివారం చార్టు షీటు కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గళ్ళు గీసి, పైన ఏడు రోజులు, పక్కన ఆరు పేర్లు ఇంగ్లీషులో రాసి తలుపు వెనక అంటించాను. వంట, గిన్నెలు, బాత్రూం, చెత్త. ఆ రోజు నుంచి గొడవ లేదు. పక్క గదుల వాళ్ళు వచ్చి చూసి కాపీ చేసుకున్నారు. ఇంజనీరు అని పిలవడం మొదలుపెట్టారు. నాకు అది బాగుండేది.

పోలీసులు ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు. అందరూ గదుల్లో ఉండే పూట అదొక్కటే. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే, ముందే అనుకున్న ప్రకారం నేను బాల్కనీలోకి వెళ్ళి ఏసీ బయటి యూనిట్ వెనక, గోడకూ దానికీ మధ్య ఉన్న జానెడు సందులో గొంతుక్కూర్చున్నాను. మిగిలిన ఐదుగురి దగ్గరా సరైన ఇఖామాలున్నాయి. లోపల కార్డులు చూస్తున్న మాటలు వినిపించాయి. వెళ్ళిపోతున్నట్టే అనిపించింది. తర్వాత ఎందుకో కాసేపు మాటలు ఆగాయి. బాల్కనీ తలుపు తెరుచుకుంది. యూనిట్ ఊదే వేడి గాలిలో కళ్ళు మండుతుంటే పైకి చూశాను. ఒక పోలీసు, అతని వెనక మా గదిలోవాడే ప్రభాకర్. జగిత్యాల వైపు వాడు, మా అందరికంటే చివర గదిలో చేరినవాడు. తల దించుకుని నిలబడ్డాడు. మిగతా నలుగురూ లోపలే గోడకు ఆనుకుని ఉన్నారు. వాడొక్కడే బాల్కనీ దాకా వచ్చాడు. వాడు వేలు చూపించడం నేను చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా అప్పుడు అనుకోలేదు.

దేశం నుంచి పంపేసేదాకా ఉంచే డిపోర్టేషన్ హాలును జైలు అనరు. శిక్ష పడినవాళ్ళం కాము కాబట్టి తేదీ ఉండదు. జైల్లో ఉన్నవాడు గోడ మీద గీతలు గీసుకుని తీసివేత చేసుకోగలడు, మాకు తీసివేయడానికి అంకె లేదు. కొందరు వారంలో వెళ్ళిపోయేవారు, కొందరు నెలల తరబడి ఉండేవారు. ఎందుకని అడిగితే కాపలావాళ్ళకు కూడా తెలియదు. లోపలికి వెళ్ళేముందు తీసుకున్నవి: ఫోను, బెల్టు, గడియారం, బూటు తాళ్ళు. హాలు పొడవు నా అడుగుల్లో నలభై ఒకటి, వెడల్పు పదహారు. పైన ఎవరికీ అందని ఎత్తులో చిన్న కిటికీలు ఆరు, మనిషి ఎత్తులో జాలీ వేసిన కిటికీ ఒకటే. నూటికి పైగా మనుషులం. ఫినాయిలు, ముక్కిన దుప్పట్ల వాసన, తడి సిమెంటు. నేను రోజంతా నడిచేవాణ్ణి. నలభై ఒకటి అటు, నలభై ఒకటి ఇటు. దారిలో పడుకున్నవాళ్ళు తిట్టేవారు. ఆగితే ఇంకా కష్టంగా ఉండేది. బయట నుంచి కాపలావాళ్ళు పిలిచేది దేశాన్ని బట్టి: ఓ హిందీ, ఓ బంగాలీ. నాలుగో రోజుకు ఎవరైనా హిందీ అంటే నేను తల తిప్పడం మొదలుపెట్టాను. అది గమనించి నన్ను ఆపినవాడు ఖాజా మామ.

"నీకు అమ్మానాయన పేరు పెట్టలేదా అల్లుడా?" అన్నాడు, దుప్పటి మీద కూర్చునే. రమణ అని చెప్పాను. "మరి రమణా అంటేనే తిరుగు. లేకుంటే వాళ్ళనే వచ్చి పిలవనీ. కాళ్ళున్నాయి గదా వాళ్ళకి." ఆయనకు అప్పటికి యాభై దగ్గర. జహ్రాలో ఒకే ఇంట్లో పందొమ్మిదేళ్ళు డ్రైవరు. పెద్దాయన చనిపోయాక కొడుకులు కారు మార్చారు, డ్రైవరును మార్చారు, ఇఖామా కాగితం మార్చడం మాత్రం మరిచారు. తన గురించి ఆయన చెప్పింది ఇంతే. రోజూ పొద్దున్నే లేచి, జేబు దువ్వెనతో తల దువ్వుకుని, చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని, ఒక గుడ్డముక్క తడిపి ఆ జాలీ కిటికీ చట్రాన్ని తుడిచేవాడు. ముందు పై నుంచి కిందికి, తర్వాత అడ్డంగా, చివర్లో పొడి గుడ్డతో మళ్ళీ ఒకసారి. పందొమ్మిదేళ్ళు కారు తుడిచిన పద్ధతి అది. తుడిచాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేవాడు. ఆ తర్వాత హాలంతా తిరిగి తెలిసినవాళ్ళందరినీ పేరుతో పలకరించేవాడు. కాపలావాళ్ళ పేర్లు కూడా అడిగి తెలుసుకుని ఆ పేర్లతోనే పిలిచేవాడు. ఒకరిద్దరు కొన్నాళ్ళకు ఆయన్ను పేరుతో పిలవడం నేను విన్నాను.

మధ్యాహ్నం, సాయంత్రం భోజనం పెద్ద పళ్ళేల్లో వచ్చేది. ఆరుగురికి ఒక పళ్ళెం. దాని చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తినాలి. అక్కడి ఇళ్ళల్లో అది మర్యాద. నెమ్మదిగా, ఎవరి వైపు వాళ్ళు, పక్కవాడి వైపు మంచి ముక్క తోస్తూ తింటారు. హాల్లో అది పరుగు పందెం అయింది. మా పళ్ళెం దగ్గర ఆరుగురం: నేను, ఖాజా మామ, ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్ళు, ఒక నేపాలీ, మా అందరికంటే పెద్దవాడు యేసురత్నం బాబాయి. గోదావరి జిల్లా మనిషి, ఫహాహీల్‌లో ఒకరి ఇంట్లో వంట చేసేవాడు. ఆయనకు దవడ పళ్ళు వాచి ఉండేవి. ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, నమలకుండానే మింగేవాడు. ఆయన నాలుగో ముద్ద దగ్గర ఉండగానే పళ్ళెం ఖాళీ. "నేనింతేనండి బాబూ, వండటమే వచ్చు, తినటం రాదు" అని నవ్వేవాడు. వారం తిరిగేసరికి ఆయన మెడ దగ్గర ఎముకలు తేలాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఎవరూ చెయ్యి పెట్టకముందే నేను ప్లాస్టిక్ స్పూను అంచుతో అన్నంలో అడ్డంగా ఒక గీత గీశాను. తర్వాత ఇంకో రెండు. ఆరు వాటాలు, ఒక్కోటి అరవై డిగ్రీలు. కోడిముక్కలు లెక్కపెట్టి పంచాను. "ఎవరి గీత లోపల వాళ్ళు. నెమ్మదిగా తినే హక్కు అందరికీ ఉంది" అని హిందీలో చెప్పాను. మొదట బంగ్లాదేశ్ వాళ్ళు నవ్వారు. కాని ఆ పూట అందరూ తిని లేచాక కూడా యేసురత్నం బాబాయి ఒక్కడే కూర్చుని తన వాటా ముగించాడు. మిగతా ఐదుగురం ఆయన్ను చూస్తూ కూర్చున్నాం. మూడు రోజుల్లో పక్క పళ్ళేలవాళ్ళు స్పూన్లు పట్టుకుని నన్ను పిలవడం మొదలుపెట్టారు. కాపలాదారు ఒకరిని అడిగి పెన్ను రీఫిల్ సంపాదించి, టీ డబ్బా అట్ట మీద బొమ్మ గీసి, అక్షరాలు రాసి, దుప్పటి దారంతో మా నెత్తి మీది నీళ్ళ పైపుకి కట్టాను. రోజూ వాటాలు ఒక స్థానం జరిగేవి, మంచి మూల ఎప్పుడూ ఒకరికే రాకుండా. రీఫిల్ కూడా ఆ అట్టకే గుచ్చి ఉంచేవాణ్ణి. అబ్బాసియాలోలాగే మళ్ళీ నన్ను ఇంజనీరు అన్నారు. నడక తగ్గింది. రాత్రి నిద్ర పట్టింది.

ఖాజా మామకు మాత్రం ఆ గీతలు అంతగా నచ్చలేదు. వద్దనలేదు, యేసురత్నం బాబాయి కోసం. కాని రోజూ తన వాటాలోంచి ఒక ముక్క గీత దాటించి పక్కవాడి వైపు తోసేవాడు. నేను లెక్క తప్పుతోందని గొణిగితే, "నీ లెక్క మంచిదే అల్లుడా. అది అన్నానికి. ఇది నాకు" అనేవాడు.

పందొమ్మిదో రోజు పొద్దున తలుపు తెరిచి పదిమందిని కొత్తగా లోపలికి తోశారు. అందులో ప్రభాకర్ ఉన్నాడు. కంపెనీవాళ్ళు ఇఖామా రెన్యువల్ ఆలస్యం చేస్తే ఫహాహీల్ బస్సులో తనిఖీకి దొరికాడని తర్వాత తెలిసింది. నన్ను చూసి గుర్తుపట్టి, దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. నేను అటు తిరిగి పడుకున్నాను. అంతకుముందే ఒక సాయంత్రం ఖాజా మామకు ఆ శుక్రవారం గురించి చెప్పి ఉన్నాను, బాల్కనీ దాకా వచ్చినవాడి పేరుతో సహా. మధ్యాహ్నం పళ్ళేలు వచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోవాలి. అన్ని పళ్ళేల దగ్గరా ఇప్పుడు నా గీతలే. అన్నింటికీ ఆరేసి మంది. ప్రభాకర్ మూడు చోట్ల వంగి అడగడం, మూడు చోట్లా వేళ్ళతో ఆరు చూపించడం నేను చూశాను. చివరికి మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆరుగురే" అన్నాను, తల ఎత్తకుండా. "అట్ట మీద రాసుంది."

ఖాజా మామ నావైపు చూశాడు. "అట్ట రాసింది నువ్వే గదా అల్లుడా" అన్నాడు. స్పూనుతో ఆరు వాటాలు గీశాను. గీతలు తిన్నగానే వచ్చాయి, ఆ మాట కూడా రాయాలి. మామ కొంచెం జరిగి, నేల మీద చేత్తో తట్టి, "దా, ఈడ కూకో. పేరేమి?" అని అడిగాడు. వాడు చెప్పాడు. మామకు తెలిసింది. ముఖంలో ఏమీ మారలేదు. ఇద్దరూ ఒకే వాటాలో తిన్నారు. మామ వాటా మామ ఇష్టం అనుకున్నాను. నా గీతల్లో ఏదీ తప్పలేదు అనుకున్నాను. భోజనం అయ్యాక మామ లేచి పైపు దగ్గర కాసేపు నిలబడి ఏదో చేసుకుంటూ ఉన్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను కాబట్టి చూడలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు అలాగే గడిచింది. వాటాల వరస నాకు నోటికే వచ్చు కాబట్టి అట్ట వైపు చూసే పని పడలేదు. నడక మళ్ళీ మొదలైంది నాకు. నలభై ఒకటి అటు, నలభై ఒకటి ఇటు. ప్రభాకర్ నా దారిలో ఎప్పుడూ కూర్చోలేదు. నేను అటు వస్తున్నానంటే కాళ్ళు ముడుచుకునేవాడు. వాడు ఏదైనా అంటే బాగుండునని నాకుండేది. అంటే తిరిగి అనడానికి నేను ఇరవై రోజులుగా మాటలు కూర్చి పెట్టుకున్నాను.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం, పళ్ళేలు రావడానికి ముందు, మామ కిటికీ తుడుస్తూ మధ్యలో ఆగాడు. పొద్దున చేయాల్సిన పని ఆ వేళదాకా ఎందుకు ఆలస్యమైందో అప్పుడే అడగాల్సింది. గుడ్డ చేతిలోంచి జారింది. వెనక్కి రెండడుగులు వేసి, నావైపు తిరిగి, అరబ్బీలో, బండి సిద్ధంగా ఉంది బాబా అన్నాడు. చనిపోయిన తన పెద్దాయన్ను పిలిచినట్టు పిలిచాడు నన్ను. చొక్కా అంతా చెమట. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను వెళ్ళి పట్టుకుని పడుకోబెట్టి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గడియారం లేదు. ఎందుకు లెక్కపెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.

యేసురత్నం బాబాయి వంగి చూశాడు. "సుగరు పడిపోయిందయ్యా ఈయనకి. మా కోడలికీ ఇట్టాగే అయ్యేది. తీపి ఏదన్నా ఉంటే ముందు నోట్లో ఎయ్యండి." మామకు చక్కెర జబ్బు ఉందని, క్లినిక్ వాళ్ళు రోజూ మాత్ర ఇస్తారని నాకు తెలుసు. నా లెక్కల్లో అది ఎక్కడా లేదు. నేను నాడి వదల్లేదు. ప్రభాకర్ అప్పటికే పరుగెత్తాడు. ప్రతి పళ్ళెం దగ్గరికీ వెళ్ళి, వచ్చీరాని హిందీలో, చేతులు జోడించి అడుగుతున్నాడు. ఎవరో ఈజిప్టు ముసలాయన దుప్పటి కింద దాచుకున్న జ్యూస్ డబ్బా ఇచ్చాడు. బాబాయి దాన్ని చుక్కచుక్కగా మామ పెదాల మధ్య పోశాడు. ప్రభాకర్ తలుపు దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో బాదడం మొదలుపెట్టాడు. తలుపు బాదకూడదు అన్నది ఆ హాల్లో మొదటి రోజే అందరికీ నేర్పించే సంగతి. తలుపు తెరుచుకుంది. మామను మోసుకుపోయారు. ప్రభాకర్ చెంప మీద ఒకటి కొట్టి, సాయంత్రం దాకా గోడకు ముఖం పెట్టి నిలబడమన్నారు.

తీసుకెళ్ళినవాళ్ళలో ఒకతను తిరిగి వచ్చి, బాగానే ఉన్నాడని చెప్పి, మాత్ర వేసుకుని తిండి తినకపోతే ఇలాగే అవుతుందని డాక్టరు తిట్టాడని కూడా చెప్పాడు. "తినకపోవడమేంటండీ, ఆయన వాటా ఆయనకి ఉంది కదా" అన్నాడు యేసురత్నం బాబాయి. అని, ఆగిపోయి, ప్రభాకర్ నిలబడిన గోడవైపు చూశాడు. తర్వాత నావైపు చూడకుండా ఉండటానికి దుప్పటి మడతపెట్టాడు.

నేను వెళ్ళి ఆ గోడ పక్కన, ప్రభాకర్ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఇరవై రోజులు కూర్చి పెట్టుకున్న మాటల్లో ఒక్కటే వచ్చింది. ఆ రోజు నన్నెందుకు చూపించావని అడిగాను.

"నేను చూపెట్టలే అన్నా" అన్నాడు గోడతోనే.

"మరి ఎలా తెలిసింది వాళ్ళకి?"

"తలుపెనక నీ చార్టు ఉండె గదా. ఆ పోలీసాయన వేలు పెట్టుకుంట పేర్లు లెక్కపెట్టిండు. ఆరు. మమ్ముల లెక్కపెట్టిండు. ఐదుగురం. ఆరోడు ఏడని నన్ను అడిగిండు. నేను కిందికి చూసిన. గంతే. మెడ పట్టి బాల్కనీల దాకా తోల్కొచ్చిండు."

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు అడగలే గదా. చెప్తే మాత్రం ఏమొస్తది? ఆ చార్టంటే నీకు మస్తు ఇష్టముండె."

ఆ గోడకు సున్నం రాలిన చోట్లు ఉన్నాయి. వాటిని లెక్కపెట్టబోయి మానుకున్నాను.

సాయంత్రం పళ్ళెం వచ్చేసరికి మామ తిరిగొచ్చాడు. తల దువ్వుకునే వచ్చాడు. ప్రభాకర్‌ను కూడా అప్పుడే కూర్చోనిచ్చారు. ఏడుగురం పళ్ళెం చుట్టూ ఉన్నాం. స్పూను నా చేతిలో ఉంది, గీయబుద్ధి కాలేదు. కింద పెట్టాను.

"గియ్యి అల్లుడా" అన్నాడు మామ. గొంతు ఇంకా బలహీనంగా ఉంది. "గీత లేకుంటే ఈ యేసురత్నానికి నాలుగు మెతుకులు గుడక మిగలవు. ఏడు గియ్యి."

"ఏడు సమంగా రావు మామా. మూడొందల అరవై ఏడుతో పోదు. మిగులుతుంది."

"మిగిలిందాన్ని ఏం చేస్తారు మీ చదువులో?"

దశాంశం వేస్తామని చెప్పాను.

"అన్నంలో అది ఎట్ల ఏస్తావు? మిగిలింది నడిమధ్య కుప్ప పెట్టు. ఎవురికి చాలకుంటే వాళ్ళు తీసుకుంటారు."

నాకొచ్చినంతలో ఏడు గీశాను, మధ్యలో గుప్పెడు అన్నం వదిలాను. మర్నాడు వేరే అట్ట చింపి ఏడు భాగాల బొమ్మ కొత్తగా గీసి పైపుకి కట్టాను. పాత అట్టను చూడకుండానే విప్పి పారేయబోతే మామ అడిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మధ్య కుప్ప చివరిదాకా ఉండేది. ఆ కుప్ప ఏ పూట ఎవరు తీసుకున్నారో నేను రాసిపెట్టలేదు.

నలభై ఏడో రోజు నా పేరు పిలిచారు. సర్దుకోవడానికి ఏమీ లేదు. మామ దువ్వెన తీసి నా తల ఆయనే దువ్వాడు, ఎడమ పాపిడి తీసి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "ఇప్పుడు పో. మనిషి లెక్క ఉండావు" అన్నాడు. ప్రభాకర్ కొంచెం దూరంలో నిలబడ్డాడు. వాడికి ఏదో చెప్పాలని నోరు తెరిచేసరికి కాపలాదారు యల్లా, పద పద, అన్నాడు. చెయ్యి ఊపాను. వాడూ ఊపాడు. ఆ తర్వాత వాణ్ణి చూడలేదు. మామ నా తర్వాత రెండు నెలలకు ఇంటికి చేరి, రాయచోటిలో స్కూలు వ్యాను నడుపుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి చూసేవాణ్ణి. ఆ నాలుగు రోజుల గురించి ఒక్కసారి అడిగాను, సగం తింటే ఏమవుతుందో తెలిసే తిన్నావా అని. వ్యాను బ్రేకుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నాకు కడపలో షాపు ఉంది. నలుగురు పనివాళ్ళు. తలుపు మీద, గోడ మీద ఏ జాబితా అంటించను. ఏదైనా రాసుకుంటే జేబులో పెట్టుకుంటాను. అన్నం కంచంలో వేలితో నాకు తెలియకుండానే గీత గీస్తానని నా భార్య అంటుంది. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. మా ఇంట్లో ఎవరికీ అన్నం చాలకపోవడం అన్నది లేదు, అయినా నేను తొందరగా తిని లేస్తాను. ఆ హాల్లో, చివరి రోజుల్లో, యేసురత్నం బాబాయి ముద్ద మింగేదాకా ఏడుగురం కదలకుండా కూర్చునేవాళ్ళం. అంత నిమ్మళంగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.

అట్ట మీద ఆరు భాగాలూ నావే. ర, యే, ఖా, మిగతా మూడు. ఖా అని ఉన్న భాగం మధ్యలోంచి ఒక వంకర గీత కేంద్రం దాకా వచ్చింది. అదే రీఫిల్, అదే నీలం సిరా. వేరే చెయ్యి. స్కేలు లేని చెయ్యి. విడిపోయిన సగంలో ఒక ఉర్దూ అక్షరం ఉంది. నాకు ఉర్దూ రాదు. బస్సు దిగాక ఫోటో తీసి నూర్జహాన్ అత్తకు పంపి ఫోన్ చేశాను. "అది పే నాయనా. ప శబ్దం" అంది. ప్రభాకర్ మొదటి అక్షరం. ఏడు భాగాల బొమ్మ నేను వేరే అట్ట మీద గీశాను కాబట్టి ఈ గీత దానికి ముందరిది. వాడు వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం, మామ పైపు దగ్గర నిలబడి చేసింది ఇదే అయి ఉండాలి. అట్ట మీద రాసుంది అన్నాను కదా నేను. ఆయన దాన్నీ అట్ట మీద రాసి పెట్టాడు. నాలుగు రోజులు అది నా నెత్తి మీద జానెడు ఎత్తులో వేలాడింది. ఎప్పటికైనా తల ఎత్తి చదువుతానని అనుకుని ఉంటాడు.

రేపు పొద్దున జగిత్యాల బస్సు ఎక్కుతున్నాను. వాడి ఊరి పేరు నాకు తెలియదు. ఒకే గదిలో ఏడు నెలలు, ఒకే పళ్ళెం దగ్గర నాలుగు వారాలు ఉండి కూడా అడగలేదు. నేను రాసిన ఏ చార్టులోనూ ఊరికి గడి లేదు. నా దగ్గర ఉన్నవి: పేరు, ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు, తండ్రి బీడీల కంపెనీలో పనిచేసేవాడని ఎప్పుడో విన్న ఒక ముక్క. తీసుకెళ్ళాల్సినవి: అట్ట, ఫోను, రెండు జతల బట్టలు. చెప్పాల్సింది ఒకటే. గీత మొదటి రోజు నుంచే ఉందని, నేనే చూడలేదని.